గ్రాఫిక్స్ కార్డుకు మాత్రమే

నా చేతిలో పడిన తీగ ఏదీ వృథా పోలేదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, గొప్పే కనుక చెబుతున్నాను. టెలిఫోను స్తంభాలెక్కి జీతం తిన్న మనిషిని. తీగ మొహం చూస్తే చాలు, అది ఎక్కడ పుట్టింది, ఎవరెవరి గుట్టు మోసింది, ఎందుకు తెగింది, జాతకం చెప్పేస్తాను.

నమ్మకం లేకపోతే మా వీధి చివరి దర్జీ సంగతి వినండి. ఒకసారి మంచి పెళ్ళిళ్ళ రోజుల్లో ఆయన కుట్టు మిషను ప్రాణం వదిలేసింది. పెళ్ళికొడుకు కోటు ఒక్క చేతితో నిలబడిపోయింది. పెళ్ళికొడుకేమో రెండు చేతుల మనిషి. నేను వెళ్ళి, నా పెట్టెలోంచి తీసుకెళ్ళిన జానెడు తీగ అటూ ఇటూ ముడేశాను. మిషను లేచి కూర్చోవడం కాదు, పరుగు తీసింది. ఆ ఊపులో దర్జీ కోటుకి మూడో చెయ్యి కూడా కుట్టేశాడు. ఆ రోజు నుంచి వీధిలో నేను ఎదురైతే సైకిలు మీదున్నవాళ్ళు దిగి నడిచేవారు.

పెట్టె అన్నాను కదా, దాని సంగతి చెప్పాలి. మంచమంత పొడుగున్న ఇనప పెట్టె. మా ఇంట్లో గాలి తగిలే చోటు ఒక్కటే, ముందు గది కిటికీ కింద. పెట్టె అక్కడ ఉంటుంది. ఇంట్లో మనుషులు విసనకర్రలతో బతుకుతారు.

అందులో నా ఉద్యోగకాలమంతా ఉంది. తెగిన టెలిఫోను తీగలు, రేడియోల పేగులు, ఇస్త్రీపెట్టెల తోకలు, ఇంకా పేరు పెట్టని పిల్లలు చాలామంది. నేను దాన్ని ఖజానా అంటాను. మా ఆవిడ పాముల బుట్ట అంటుంది. మూత తీసి చూస్తే ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదని తెలుస్తుంది.

పెట్టె పైభాగం నిండా మా బావమరిది పారేసిన కంప్యూటరు తీగలు. ఇతన్ని మేము మైకు అంటాం. వేరే ఊరు నుంచి ఫోను చేస్తాడు కానీ, అతని గొంతుకి ఆ ఖర్చు దండగ. పాత కంప్యూటర్లు విప్పి కొత్తవి బిగించడం అతని పని. మేము వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా, అతను పారేసిన తీగ నేల మీద పడేలోపు నా సంచిలో పడేది.

ఇక మా ఆవిడ. బడిలో డ్రాయింగు టీచరుగా చేసి రిటైరైంది. రిటైరైనవాళ్ళు కాళ్ళు చాపుకుని కూర్చుంటారు. ఈవిడ కంప్యూటరులో బొమ్మలు గీసి వాటి చేత కాళ్ళు ఆడించడం మొదలుపెట్టింది. ఆ సంగతి పళ్ళ డాక్టరు చెవిన పడింది. ఆయన ఆస్పత్రిలో కుర్చీ చూడగానే ఏడ్చే పిల్లల కోసం, గోడ మీద నాట్యమాడే పన్ను ఒకటి కావాలన్నాడు. మా ఆవిడ పన్ను గీసింది. దానికి కళ్ళు పెట్టింది, బూట్లు తొడిగింది.

చిక్కల్లా మా పాత కంప్యూటరుతో వచ్చింది. ఆ పన్ను చేత ఒక కాలు ఎత్తించేసరికి, పొయ్యి మీద పాలు పొంగి, చల్లారి, మీగడ కట్టేవి. రెండో కాలు ఎత్తించే లోపల కంప్యూటరే కూలబడేది.

"దానికి గ్రాఫిక్స్ కార్డు కావాలక్కా" అన్నాడు మైకు. బొమ్మల బరువంతా మోసే పలక అట అది. దానికి కరెంటు ఆకలి ఎక్కువ కనుక కంప్యూటరు కడుపులో ఉన్న పాత కరెంటు డబ్బా చాలదు, కొత్త డబ్బా కూడా పెట్టాలట. రెండూ పార్సెలు చేసి పంపాడు. పార్సెలు వచ్చిన రోజు పొద్దున్నే నా కొంప మునగడం మొదలైంది.

"ఏమండీ, ఆ పాముల బుట్ట అక్కణ్ణించి లేవాలి" అంది మా ఆవిడ.

"ఎందుకట?"

"కంప్యూటరు కిటికీ కింద పెట్టుకుంటాను. కొత్త కార్డుకి వేడి ఎక్కువట, గాలి తగలాలట."

"నా తీగలకి తగలక్కర్లేదా?"

"అవి ఎప్పుడో పోయాయండీ. పోయినవాళ్ళకి గాలెందుకు?"

"పోయాయా? ఆ దర్జీ మిషను లేపింది ఎవరు మరి?"

"ఆ దర్జీ కథ నా దగ్గర చెప్పకండి."

"ఏం, ఎందుకు చెప్పకూడదు?"

"నేను ఆయన దగ్గరే బట్టలు కుట్టించుకుంటాను కనుక."

నేను నా గౌరవమంతా పెట్టె మీద పరిచి కూర్చున్నాను. ఆవిడ కాసేపు నా వంక చూసింది. బడిలో చాలామంది మొండి పిల్లల్ని చూసిన చూపు అది.

"సరే, ఒక మాట అనుకుందాం" అంది. "ఇవాళ నా కంప్యూటరు లేవడానికి ఆ బుట్టలోంచి ఒక్క తీగ, ఒక్కటంటే ఒక్కటి పనికొచ్చిందా, ఆ బుట్ట మీ తరవాత కూడా అక్కడే ఉంటుంది. నేను వంటింట్లో పొయ్యి పక్కన కూర్చుని బొమ్మలు గీసుకుంటాను. పనికిరాలేదా, సాయంత్రం పాత సామాన్లాయన వస్తున్నాడు."

"నువ్వు పిలిచావా?"

"నిన్ననే."

నా గుండె జారి పెట్టె మూత మీద పడింది. మీకు అది తీగల పెట్టె. నాకు అది నేనే. నేను ఎక్కిన ప్రతి స్తంభం, తడిసిన ప్రతి వాన అందులో చుట్టలు చుట్టుకుని పడుకుని ఉన్నాయి. దాన్ని ఒకాయన తోపుడు బండిలో వేసుకుని, పాత బకెట్ల పక్కన కూర్చోబెట్టుకుని తీసుకుపోతాడా?

అప్పుడే నా బుర్రలో ఒక ఉపాయం మొలిచింది. నా బుర్రలో ఏదైనా మొలిస్తే దాన్ని వెంటనే పీకెయ్యాలని ఈ వయసుకి తెలిసి ఉండాల్సింది.

భోజనాల బల్ల మీద కంప్యూటరు పొట్ట విప్పి పడుకోబెట్టి ఉంది. పక్కనే కొత్త కార్డు, కొత్త డబ్బా, డబ్బాతో వచ్చిన తీగల సంచి. ఒక్కో తీగకీ ఒక్కో చీటీ అంటించి ఉంది, ఏది ఎక్కడికో తెలిసేలా. మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, డబ్బాతో వచ్చిన పుస్తకం తరగతిలో పాఠంలా చదవసాగింది.

"మొదట గోడ దగ్గర ప్లగ్గు పీకెయ్యాలి. స్విచ్చి ఆపితే చాలదు."

"మేము ఉరుముల్లో స్తంభాలెక్కినవాళ్ళం."

"జుట్టు చూస్తే తెలుస్తోంది. తరవాత, లోపల చెయ్యి పెట్టే ముందు ఇనప భాగం ముట్టుకోవాలి. ఒంట్లో ఉన్న కాస్త కరెంటు పోతుంది."

"నా ఒంట్లో కరెంటు కూడా పోతే ఇక మిగిలేదేముంది?"

"నోరు. ఇది వినండి. కార్డు తీగ తలకాయ టక్కుమనే దాకా నొక్కాలి. సందు కనపడకూడదు. తల దగ్గర తీగని మెలిపెట్టకూడదు. సరిగా కూర్చోకపోతే అక్కడే వేడెక్కి కరిగిపోతుందట."

"టెలిఫోను తీగైతే పళ్ళతో కొరికి ముడేసేవాణ్ణి."

"అందుకే మీకు పళ్ళూ లేవు, టెలిఫోనూ లేదు."

ఇంతలో పళ్ళ డాక్టరు ఫోను చేశాడు. మర్నాడు కొత్త ఆస్పత్రి తెరుస్తున్నాడు, పన్ను సాయంత్రానికి అందాలి. ఆవిడ ఫోను పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. నేను సంచిలో చెయ్యి పెట్టాను.

కార్డుకి కరెంటు పెట్టే తీగ దొరికింది. నల్లటి తీగ, తలకి ఎనిమిది రంధ్రాలు. మెడకి చీటీ: 'గ్రాఫిక్స్ కార్డుకు మాత్రమే'. నేను చీటీ పీకాను. అది బొటనవేలికి అంటుకుంది. విదిలించాను, చూపుడువేలికి మారింది. మళ్ళీ విదిలించాను, కనపడకుండా పోయింది. పీడా వదిలిందనుకున్నాను.

తరవాత పెట్టె కింద చెయ్యి పెట్టి, మా పెళ్ళినాటి నుంచి పేరుకున్న దుమ్ము తీసి, కొత్త తీగకి తల నుంచి తోక దాకా పట్టించాను. నిగనిగలాడే తీగ చూస్తుండగానే ముసలిదైపోయింది. దాన్ని పెట్టెలో అన్నిటికన్నా పైన పడుకోబెట్టి మూత వేశాను.

ఉపాయం అర్థమైంది కదా. ఆవిడ కార్డు తీగ కోసం వెతుకుతుంది. దొరకదు. దిక్కు తోచక నా వైపు తిరుగుతుంది. నేను తొందర పడకుండా లేచి, ఖజానా తెరిచి, అదే తీగ తీసి ఇస్తాను. తీగ ఆవిడదే, కార్డు ఆవిడదే, ఎవరికీ నష్టం లేదు. పేరు ఒక్కటే నాది.

నేరం జరిగిన చోట నిలబడకూడదని, పాలు తెస్తానని చెప్పి వీధిలోకి వెళ్ళాను. ఆ రోజు వీధి నన్ను గౌరవించిన తీరు చూడాలి. వెనక నడిచేవాళ్ళు నన్ను దాటకుండా నెమ్మదిగా నడిచారు. పాలాయన నేను వెనుదిరిగాక పిలిచి, "పెద్దాయనా, ఈ మధ్య ఏదైనా కొత్త ఉద్యోగంలో చేరారా?" అన్నాడు. దర్జీ కొట్లోంచి సగం బయటికి వంగి చూశాడు. నోట్లో గుండుసూదులు ఉన్నాయి కనుక కళ్ళతోనే నవ్వాడు. పాత మేలు మరిచిపోలేదు పాపం, అనుకుని నేనూ నవ్వాను.

ఇంటికి వచ్చేసరికి పెట్టె కాస్త వంకరగా ఉంది.

"ఊడ్చానండీ" అంది మా ఆవిడ. "జరపబోతే ఒక పక్కకి ఒరిగింది. మళ్ళీ నిలబెట్టాను."

నా నోరు ఆరిపోయింది. చేతిలో పాలున్నా ఆరిపోయింది.

"అన్నట్టు కార్డు తీగ కనపడటం లేదండీ. సంచిలో మిగతావన్నీ ఉన్నాయి. దానిలాగే ఎనిమిది రంధ్రాలది ఇంకోటి ఉంది కానీ అది కంప్యూటరు మెదడుకి వెళ్ళేదట, బలవంతంగా కార్డుకి తొయ్యొద్దని పుస్తకంలో రాశాడు. ఇప్పుడేం చెయ్యడం?"

సరిగ్గా నేను రాసిపెట్టుకున్న మాటలే. నా వంతు మాటలు కూడా సిద్ధంగా ఉన్నాయి. "దిగులెందుకు, నా ఖజానా ఉందిగా" అన్నాను.

మూత తీశాను. పైన పడుకోబెట్టిన తీగ పైన లేదు. పెట్టె ఒరిగినప్పుడు అందరూ కలిసిపోయారు. ఎక్కడ చూసినా నల్లటి తీగలు, ప్రతి దాని తలకీ ఎనిమిది రంధ్రాలు, ఒంటి నిండా దుమ్ము. నేను పూసిన దుమ్మూ, కాలం పూసిన దుమ్మూ ఒకే రంగులో ఉన్నాయి. చీటీ ఉంటే చెప్పేది. చీటీ నేనే పీకాను.

అయినా జాతకాలు చెప్పే మనిషిని కదా. ఒక దాని మొహం చూశాను. ఇదే అనిపించింది. తీసి ఇచ్చాను.

"మీ పెట్టెలోదేనా?" అంది తిప్పి చూస్తూ.

"అచ్చంగా."

"ఎప్పటిది?"

ఇక్కడ ఊరుకోవాల్సింది. ఊరుకోవడం నాకు ఏ బడిలోనూ నేర్పలేదు. "గాలివాన వచ్చిన ఏడాదిది" అన్నాను. "ఆఫీసు మీద స్తంభం పడితే, పెద్ద కంప్యూటరు కొట్టుకుపోకుండా ఈ తీగతోనే కిటికీకి కట్టాను. పెద్ద ఆఫీసరు నన్ను కావలించుకుని ఏడ్చాడు."

"కంప్యూటరుని కూడా కావలించుకున్నాడా?"

"దాన్ని తరవాత."

ఆవిడ గోడ ప్లగ్గు పీకి ఉందో లేదో చూసుకుంది. కంప్యూటరు ఇనప అంచు ముట్టుకుంది. కార్డూ, డబ్బా నేను పాలకి వెళ్ళినప్పుడే లోపల బిగించి ఉంచింది. తీగ ఒక తల కార్డులో పెట్టి నొక్కింది. టక్కుమంది. రెండో తల డబ్బాలో పెట్టి నొక్కింది. అదీ టక్కుమంది. నా ప్రాణం లేచి వచ్చింది. పట్టింది అంటే అదే తీగ అన్నమాట. కానిది ఎలా పడుతుంది?

అప్పుడు ఫోను మోగింది. మైకు. ఆవిడ ఫోను బల్ల మీద పెట్టింది, అందరికీ వినపడేలా స్పీకరు మీట నొక్కింది. నొక్కకపోయినా వినపడేది.

"అక్కా, ఒక సంగతి చెప్పడం మరిచిపోయాను. ఆ డబ్బాతో వచ్చిన తీగలే పెట్టు. వేరే డబ్బా తీగ ఏదీ పెట్టకు, పట్టినా సరే పెట్టకు."

"అదేంట్రా, పడితే తప్పేముంది?"

"అదే దాంట్లో ప్రమాదం. కార్డు వైపు తల అన్నిటికీ ఒకటే. డబ్బా వైపు తల ఒక్కో కంపెనీ ఒక్కోలా పెడుతుంది. రంధ్రంలోకి దిగుతుంది, టక్కుమంటుంది కూడా. లోపల మాత్రం తీగలు వేరే వరసలో ఉంటాయి. ప్లస్సు రావాల్సిన చోటికి మైనస్సు వస్తుంది. స్విచ్చి వేశావంటే కార్డు, కంప్యూటరు, నీ పన్ను, అన్నీ పొగ."

నేను గోడ వైపు చూశాను, ప్లగ్గు ఇంకా పీకే ఉంది.

"మీ బావ తన పెట్టెలోంచి ఒకటి ఇచ్చార్రా" అంది మా ఆవిడ. "పట్టింది."

"పెట్టెలోంచా? అవన్నీ నేను పారేసిన డబ్బాలవి కదా. బావా, అది కచ్చితంగా మీ పెట్టెలోదేనా?"

ఇప్పుడు నా అవస్థ చూడండి. అది పెట్టెలోది అన్నానా, అది పొగ పెట్టే తీగ. పెట్టె పరువు పోతుంది, పెట్టె పోతుంది. పెట్టెలోది కాదు, కొత్తదే అన్నానా, దొంగతనం బయటపడుతుంది, పెట్టె ఎలాగూ పోతుంది. పోనీ నిజం చెబుదామంటే, నిజం ఏమిటో నాకే తెలియదు. అబద్ధాల మధ్య ఇరుక్కోవడం నాకు అలవాటే. అటు అబద్ధం, ఇటు తెలియకపోవడం, ఈ రెంటి మధ్య ఇరుక్కోవడం అదే మొదలు.

"ఆయన మీద నాకు నమ్మకముందిరా" అంది మా ఆవిడ. "దర్జీ మిషను లేపిన చెయ్యి అది. ఇదిగో, ప్లగ్గు పెడుతున్నాను."

ప్లగ్గు చేత్తో పట్టుకుని గోడ వైపు నడిచింది. నెమ్మదిగా నడిచింది. మా పెళ్ళిలో కూడా అంత నెమ్మదిగా నడవలేదు. ఒక్కో అడుగుకీ నాకు కార్డు కాలిన వాసన వస్తోంది. తెల్లటి పన్ను, బూట్లతో సహా, మసి బొగ్గై కనపడింది. దాన్ని గీస్తూ ఆవిడ ఎన్ని సాయంత్రాలు వంగి కూర్చుందో కూడా, అడక్కుండానే గుర్తొచ్చింది.

"ఆగవే" అన్నాను.

"ఏం?"

"అది పెట్టెలోది కావచ్చు. కాకపోనూవచ్చు."

"అంటే?"

"కొత్త తీగ పొద్దున పెట్టెలోకి వెళ్ళింది."

"నడుచుకుంటూ వెళ్ళిందా?"

"నేను తోడు వెళ్ళాను."

ఫోనులో మైకు నవ్వాడు. కిటికీ బయట తీగ మీద కూర్చున్న కాకులు ఎగిరిపోయాయి. ఆ తీగ ఒకప్పుడు నేను లాగిందే.

"అయితే వెతకండి బావా. ఆ కంపెనీ నుంచి ఇంకోటి తెప్పించాలంటే వారం పడుతుంది. అసలుది దొరికేదాకా ఏదీ పెట్టొద్దు" అని పెట్టేశాడు.

ఆవిడ తీగ రెండు తలలూ జాగ్రత్తగా పీకి నా చేతిలో పెట్టింది. కుర్చీ లాక్కుని పెట్టె పక్కన కూర్చుంది.

నేను పెట్టెలో చెయ్యి పెట్టి ఒక తీగ లాగాను. ఒక తీగ ఎప్పుడూ ఒంటరిగా రాదు. దాని వెనక అన్నదమ్ములు, వాళ్ళ వెనక వియ్యాలవారు, ఊరేగింపుగా బయలుదేరారు. కాసేపటికి ముందు గదంతా నిండింది. ఒక చుట్ట వంటింటి గడప దాటింది. ఇంకోటి ఎలా వెళ్ళిందో ఫ్యాను రెక్కకి వేలాడింది. పాముల బుట్ట అనే మాటని నేను ఇంతకాలం అన్యాయంగా ఖండించాను.

"ఇలా కాదు" అంది ఆవిడ. "ఒక్కోటీ చూపించండి. అది తగిలించే వస్తువు ఇంకా లోకంలో ఉంటే ఇటు, లేకపోతే అటు. అలా ఏరుకుంటూ పోతే అసలుది అదే బయటపడుతుంది. ఇది దేనిది?"

"గుండ్రంగా తిప్పే టెలిఫోనుది."

"ఆ టెలిఫోను ఏదీ?"

"పోయింది."

"అటు. ఇది?"

"మా నాన్న రేడియోది."

"ఆ రేడియో?"

"నేనే బాగుచేశాను."

"అయితే పోయినట్టే. అటు. ఇది?"

"మనం కాపురం పెట్టిన గదిలో టేబులు ఫ్యానుది."

ఆవిడ ఆ తీగని చేతిలోకి తీసుకుంది. వేలికి చుట్టుకుంది, విప్పింది. నాకు కాస్త ఆశ పుట్టింది. ఇక్కడ కరుగుతుంది, ఈ ఒక్కటి నన్ను గట్టెక్కిస్తుంది అనుకున్నాను.

"బాగా గుర్తుంది" అంది. "ఎప్పుడూ మీ వైపే తిరిగేది. అటు."

అటు వైపు గుట్ట నా మోకాలు దాటింది. ఇటు వైపు నేల శుభ్రంగా ఉంది, ఊడ్చింది కదా. నల్ల తీగలు ఒక్కోటీ వెలుతురులో పెట్టి చూశాను, వాసన చూశాను, చెవి దగ్గర పెట్టుకుని కూడా చూశాను. ఏదీ తన పేరు చెప్పలేదు. తీగ మొహం చూసి జాతకం చెబుతానన్నాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అన్నిటికీ ఒకటే మొహం. ఇంతకాలం కాపురం చేసిన ఖజానాలో నాకు తెలిసినవాడు ఒక్కడూ లేడు.

పళ్ళ డాక్టరు మళ్ళీ ఫోను చేశాడు.

"పన్ను ఎందాకా వచ్చిందండీ?"

"ఒక కాలి మీద నిలబడి ఉందండీ" అంది మా ఆవిడ.

"రెండో కాలు?"

"మా ఆయన వెతుకుతున్నారు."

అవతల ఆయన ఏమనుకున్నాడో కానీ, థాంక్సు చెప్పి పెట్టేశాడు.

ఆవిడ లేచి వెళ్ళింది. ఎక్కడికని అడిగే ధైర్యం లేదు. నేను పెట్టెలోకి నడుము దాకా వంగి అడుగున తడుముతున్నాను. అడుగు కనపడింది. కొత్తగా కొన్నప్పుడు చూసిన అడుగు. తుప్పు పట్టిన స్క్రూడ్రైవరు ఒకటి, దాన్ని దొంగిలించాడని నేను మాటలు మానేసిన పక్కింటాయన జ్ఞాపకం ఒకటి, ఇవి తప్ప ఏమీ లేవు. తీగ లేదు. పెట్టె లేదు. పన్ను లేదు. నన్ను కూడా అటు వైపు గుట్టలో వేసేస్తే పోతుందనిపించింది. నన్ను తగిలించే వస్తువు కూడా లోకంలోంచి ఎప్పుడో పోయింది. నిజం చెబుతున్నాను, ఆ చీకట్లో తల పెట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాను. ఇనప పెట్టెలో నిట్టూరిస్తే ఎంత పెద్దగా వినిపిస్తుందో మీకు తెలియదు.

అప్పుడు సంగీతం వినపడింది.

తల ఎత్తాను. భోజనాల బల్ల మీద కంప్యూటరు వెలుగుతోంది. తెరమీద పన్ను, బూట్లు వేసుకుని, ఒక కాలు కాదు, రెండు కాళ్ళూ ఎత్తి ఎత్తి ఆడుతోంది. కార్డు ఫ్యాన్లు హాయిగా తిరుగుతున్నాయి. ఆ తిరగడం కూడా ఆవిడ వైపే.

"ఏ తీగ పెట్టావు?" అన్నాను. నా గొంతు పెట్టెలోంచి ఇంకా బయటికి రాలేదు.

"అసలుదే."

"ఎక్కడ దొరికింది?"

"మీరు పాలకి వెళ్ళినప్పుడే. పెట్టెలో అన్నిటికన్నా పైన ఉంది. మడతలు ఇంకా విడని పాత తీగని ఎప్పుడైనా చూశారా? తుడిచి నా రంగుల డబ్బాలో దాచాను. తరవాతే పెట్టెని ఒరగేశాను."

"మరి నేనిచ్చింది?"

"అచ్చంగా మీ పెట్టెలోదే. ఆ మాట మీరు నిజమే చెప్పారు."

"అది పెట్టి ప్లగ్గు దాకా వెళ్ళావు కదా."

"గోడ దాకా వెళ్ళాను. మీరు నోరు తెరవకపోతే గోడ చూసి వెనక్కి వచ్చేదాన్ని. నా పన్నుని నేను కాల్చుకుంటానా?"

"పెట్టెలో చూడాలని నీకెలా తెలిసింది?"

"అటు తిరగండి."

తిరిగాను. ఆవిడ నా చొక్కా వీపు మీంచి ఏదో చర్రున పీకి చూపించింది. 'గ్రాఫిక్స్ కార్డుకు మాత్రమే'.

పాలాయన ప్రశ్నా, దర్జీ నవ్వూ, వెనక నెమ్మదిగా నడిచిన వీధంతా నా కళ్ళ ముందు మళ్ళీ నడిచాయి. వాళ్ళు నెమ్మదిగా నడిచింది నా వీపు మీది చీటీ చదవడానికి.

"మరి పొద్దున్నే చెప్పొచ్చుగా" అన్నాను. "మధ్యాహ్నమంతా నన్ను ఆ పెట్టెలో ఎందుకు ముంచావు?"

"పెళ్ళైన దగ్గర్నుంచి ఆ బుట్ట ఖాళీ చెయ్యమంటున్నాను. ఒక్క తీగ కదిలిందా? ఇవాళ మీ అంతట మీరే అడుగు దాకా ఖాళీ చేసి, వేరు చేసి గుట్ట కూడా పోశారు. ఇంత పని చేశారు, కాఫీ తాగుతారా?"

పాత సామాన్లాయన వచ్చాడు. గుట్టంతా నా చేతులతోనే బండికెత్తాను. పెట్టె కూడా లాగబోతుంటే ఆవిడ ఆపింది. "పెట్టె ఉంటుంది" అంది. కాగితాలు, రంగులు లోపల సర్దింది. పెట్టె మీద గుడ్డ పరిచి, కిటికీ కింద, గాలి తగిలే చోట, కంప్యూటరుని దాని మీదే కూర్చోబెట్టింది. నా పెట్టె ఎక్కడికీ పోలేదు. పందెం ఒక రకంగా నేనే గెలిచాను. ఆ మాట పైకంటే, ఆ చీటీ మళ్ళీ తీసి నా చొక్కా ముందువైపు అంటించింది. ఈసారి నాకూ కనపడాలట.

టేబులు ఫ్యాను తీగ మాత్రం బండి ఎక్కలేదు. సాయంత్రం చూస్తే ఆవిడ డ్రాయింగు కాగితాల కట్టకి కట్టి ఉంది. "పనికొచ్చిందిగా ఒకటి" అన్నాను. "పందెం కంప్యూటరు లేవడానికి" అంది, ముడి బిగిస్తూ.

పన్ను పళ్ళ డాక్టరుకి చేరింది. దాన్ని చూసిన పిల్లలు ఏడుపు మాని, మళ్ళీ వెయ్యమని మారాం చేస్తున్నారట. నాకు ఊపిరాడే చోటు వంటింట్లో దొరికింది, పొయ్యి పక్కన.

ఇందులో నేను చెప్పిందంతా జరిగింది జరిగినట్టే. కాకుల దగ్గర కాస్త పెంచి ఉంటాను. పూర్తిగా కల్పించింది మాత్రం ఒక్కటే, దర్జీ సంగతి. ఆయనది కాలితో తొక్కే మిషను. దానికి తీగే లేదు.